తాగునీటి లైనుకు బ్యాక్‌ఫ్లో ప్రివెంటర్: ఏది ఎంచుకోవాలి, ఎలా పరీక్ష చేయించాలి

అమెరికాలో సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగువారిలో చాలామందికి బ్యాక్‌ఫ్లో ప్రివెంటర్ (ఇంటి గొట్టాల్లోని నీరు వెనక్కి వీధి లైనులోకి పోకుండా ఆపే పరికరం) అనే పేరు మొదటిసారి తెలిసేది నగర నీటి శాఖ పంపే ఉత్తరంతోనే. లాన్ స్ప్రింక్లర్ల లైనుపై ఉన్న పరికరాన్ని ఫలానా తేదీలోగా లైసెన్సు ఉన్న టెస్టర్ చేత పరీక్ష చేయించి, రిపోర్టు పంపాలని అందులో ఉంటుంది. టెస్టర్ వచ్చి చూసి, పాతది పాడైందని, మార్చాలని చెబుతాడు. దాని స్థానంలో ఏది పెట్టించాలో ఇంటివారికి తెలియదు. మరోవైపు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు సంఘం బాధ్యతలు చూస్తున్న బంధువులు, సంపులోకి వచ్చే మంజీరా లైనుకు (నగర నీటి సరఫరా గొట్టానికి) కూడా ఇలాంటిదేమైనా బిగించాలా అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటి కాదు. అయినా రెండింటిలోనూ నేను పాటించే సూత్రం ఒకటే: ప్రమాద స్థాయికి సరిపోయే పరికరాలలో, మీ ఇంటి దగ్గర ఏటా నిజంగా పరీక్షించగలిగినదాన్నే ఎంచుకోవాలి. చేయి దూరడానికి వీల్లేని గుంటలో, మట్టి కింద పూడిపోయిన ఖరీదైన పరికరం ఇంకా పనిచేస్తున్నదో లేదో ఎవరికీ తెలియదు.

నీరు వెనక్కి ఎందుకు వస్తుంది

వీధి గొట్టంలోని నీరు ఎప్పుడూ ఇంటివైపే ప్రవహిస్తుందని అనుకుంటాం. వీధిలో ఒత్తిడి ఎక్కువగా, ఇంట్లో తక్కువగా ఉన్నంతసేపే అది నిజం. ఎక్కడో మెయిన్ పగిలినా, అగ్నిమాపక దళం హైడ్రెంట్ నుంచి పెద్ద మొత్తంలో నీరు తోడినా వీధిలో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు స్ట్రాతో పీల్చినట్టు ఇంటి గొట్టాల్లోని నీరు వీధిలోకి లాగబడుతుంది. ఇది మొదటి రకం. రెండో రకంలో వీధి ఒత్తిడి తగ్గనక్కర లేదు. ఇంటివైపు ఉన్న మోటారో, బాయిలరో, ఎత్తున ఉన్న ట్యాంకో వీధిని మించిన ఒత్తిడితో నీటిని వెనక్కి నెడుతుంది. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే కొన్ని పరికరాలు పీల్పును మాత్రమే ఆపుతాయి, నెట్టుడును ఆపలేవు.

లాన్ నీళ్లే కదా, ఇంత హడావుడి ఎందుకని అడిగేవారికి నేను 1969లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణంలో జరిగిన సంఘటన చెబుతాను. అక్కడి హోలీ క్రాస్ కళాశాల ఫుట్‌బాల్ జట్టు సాధన చేసే మైదానంలో, స్ప్రింక్లర్లు అమర్చిన గుంటల్లో మురికి నీరు నిలిచి ఉండేది. హెపటైటిస్ సోకిన పిల్లలు ఆ గుంటల దగ్గర ఆడుకున్నారు. దగ్గర్లో మంటలు ఆర్పడానికి అగ్నిమాపక దళం నీరు తోడుతుండగా లైనులో ఒత్తిడి పడిపోయి, గుంటల్లోని నీరు తాగునీటి గొట్టంలోకి పీల్చబడింది. తర్వాత సాధనకు వచ్చి అక్కడి కొళాయి నీళ్లు తాగిన ఆటగాళ్లు, కోచ్‌లు కలిపి 97 మందిలో 90 మందికి హెపటైటిస్ సోకింది. రెండు ఆటలు ఆడిన తర్వాత ఆ ఏడాది మిగిలిన సీజన్ మొత్తం రద్దయింది. అది పెరటి స్ప్రింక్లర్ లాంటి ఏర్పాటే. ఇక 2016 డిసెంబరులో టెక్సాస్‌లోని కార్పస్ క్రిస్టీ నగరంలో, ఒక పారిశ్రామిక ప్రాంగణం నుంచి రసాయనం నగర లైనులోకి వెనక్కి వచ్చి ఉంటుందన్న అనుమానంతో, సుమారు 3 లక్షల మందిని కొళాయి నీటిని తాగవద్దని, మరిగించి కూడా వాడవద్దని హెచ్చరించారు. ఆ ఆంక్షలు పూర్తిగా తొలగడానికి దాదాపు నాలుగు రోజులు పట్టింది.

ముందున్న ఎంపికలు

ఇళ్లకు సంబంధించినంతవరకు ప్రధానంగా పోల్చవలసినవి మూడు పరికరాలు, వాటికి తోడు అసలు పరికరమే అవసరం లేని ఒక పద్ధతి.

ప్రెషర్ వాక్యూమ్ బ్రేకర్‌ను టెస్టర్లు పీవీబీ అంటారు. ఇందులో స్ప్రింగు ఉన్న ఒక చెక్ వాల్వ్ (నీటిని ఒకవైపే పోనిచ్చే వాల్వ్), దాని తర్వాత పైభాగాన గాలి లోపలికి రావడానికి ఒక ద్వారం ఉంటాయి. నీటి ఒత్తిడి ఉన్నంతసేపు ఆ ద్వారం మూసుకొని ఉంటుంది. ఒత్తిడి పడిపోగానే తెరుచుకొని గాలిని పీల్చుకుంటుంది, దాంతో పీల్పు తెగిపోతుంది. ధర తక్కువ, భాగాలు కొద్ది, విప్పి బాగుచేయడం తేలిక. దీనికి రెండు షరతులు ఉన్నాయి. ఇది పీల్పును మాత్రమే ఆపుతుంది కాబట్టి దీని తర్వాత మోటారు ఉండకూడదు. దిగువన ఉన్న స్ప్రింక్లర్ తలలన్నిటిలో ఎత్తైనదానికన్నా కనీసం 12 అంగుళాలు ఎత్తున దీన్ని బిగించాలి. మీ పెరడు ఇంటికన్నా ఎత్తుగా లేచి ఉంటే పీవీబీ మీకు పనికిరాదు.

డబుల్ చెక్‌లో రెండు చెక్ వాల్వులు వరుసగా ఉంటాయి, అటూ ఇటూ మూసే వాల్వులు, పరీక్ష గేజ్ తగిలించడానికి టెస్ట్ కాక్‌లు అనే నాలుగు చిన్న కొళాయిలు ఉంటాయి. ఇది పీల్పునూ, నెట్టుడునూ రెండింటినీ ఆపుతుంది, నేలలో పెట్టెలో దాచవచ్చు, ఒత్తిడి నష్టం కూడా తక్కువే. అందుకే డాలస్ చుట్టుపక్కల ఇళ్ల ముందు మూత ఉన్న పెట్టెల్లో ఇవే ఎక్కువగా కనిపిస్తాయి. అయితే దీనిలో ఒక పెద్ద లోపం ఉంది: లోపలి రబ్బరు అరిగినా, రెండు వాల్వులూ కారుతున్నా బయటికి ఏ గుర్తూ కనిపించదు. పాడైన సంగతి పరీక్షలో తప్ప మరో విధంగా తెలియదు. ఆరోగ్యానికి హాని చేయగల పదార్థం ఉన్న చోట దీన్ని వాడకూడదనే నియమం అందుకే వచ్చింది.

మూడోది రెడ్యూస్డ్ ప్రెషర్ పరికరం, దీన్ని ఆర్‌పీ అనో, ఆర్‌పీజెడ్ అనో పిలుస్తారు. ఇందులోనూ రెండు చెక్ వాల్వులు ఉంటాయి, కానీ వాటి మధ్య గదికి ఒక రిలీఫ్ వాల్వ్ ఉంటుంది. ఆ గదిలో ఒత్తిడి ఎప్పుడూ వీధి ఒత్తిడికన్నా తక్కువగా ఉండేలా అమరిక ఉంటుంది. ఏ చెక్ వాల్వ్ కారినా గదిలో ఒత్తిడి పెరిగి, రిలీఫ్ తెరుచుకొని, ఆ నీటిని నేలమీద పారబోస్తుంది. అంటే ఇది పాడైనప్పుడు తన లోపాన్ని తానే బయటపెడుతుంది. నాకు దీనిమీద ఉన్న గౌరవం అంతా ఈ ఒక్క గుణం వల్లనే. కాని ఖరీదెక్కువ, దాదాపు 10 పీఎస్‌ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) లేదా అంతకు మించి ఒత్తిడి నష్టం ఉంటుంది కాబట్టి ఇంటికి వచ్చే ఒత్తిడి ముందే తక్కువైతే స్ప్రింక్లర్లు సరిగా లేవవు. రిలీఫ్ రంధ్రం నీటిలో మునిగితే రక్షణ పోతుంది కాబట్టి నేలకు కనీసం 12 అంగుళాల ఎత్తున, నీరు పారిపోయే చోట పెట్టాలి, గుంటలో పెట్టకూడదు.

నాలుగోది గాలి ఖాళీ. గొట్టం చివరకూ, పాత్రలోని నీరు చేరగల గరిష్ఠ మట్టానికీ మధ్య గొట్టం వ్యాసానికి రెండింతల దూరం, ఎంత సన్నటి గొట్టమైనా కనీసం ఒక అంగుళం, ఖాళీగా వదలడమే ఈ పద్ధతి. కదిలే భాగం ఒక్కటీ లేదు, అరిగేది ఏదీ లేదు. రక్షణలో ఇది అన్నిటికన్నా మిన్న. అయితే ఇక్కడితో వీధి ఒత్తిడి ఆగిపోతుంది కాబట్టి స్ప్రింక్లర్లకు ఇది కుదరదు. హైదరాబాద్ సంపు విషయంలో మాత్రం ఇదే జవాబు, దాని గురించి చివర చెబుతాను.

పెరటి కొళాయికి హోస్ తగిలించే చోట బిగించే చిన్న ఇత్తడి వాక్యూమ్ బ్రేకర్ కూడా బ్యాక్‌ఫ్లో ప్రివెంటరే. పురుగుమందు కలిపే స్ప్రేయర్‌ను హోస్‌కు తగిలించేవారు, పిల్లల ఈతతొట్టిలో హోస్ ముంచి వదిలేసేవారు దీన్ని తప్పక ఉంచుకోవాలి. టెస్టర్లు దీన్ని పరీక్షించరు. కారడం మొదలుపెడితే కొత్తది వేసుకోవడమే.

మీ ఇంటికి ఏది

సాదా చదునైన పెరడు, స్ప్రింక్లర్ లైనులో ఎరువు కలిపే ఏర్పాటు లేదు, మోటారు లేదు అనుకుంటే నేను పీవీబీనే సూచిస్తాను. గోడ పక్కన కళ్లెదుట ఉంటుంది, టెస్టర్ మోకాళ్లమీద కూర్చోనవసరం లేకుండా పరీక్షిస్తాడు, ఏదైనా విరిగితే చాలాసార్లు చిన్న విడిభాగాల కిట్‌తో సరిపోతుంది. చాలామంది ఇంటి అందం కోసం దాన్ని దాచాలనుకుంటారు. ముందు ఒక పొద నాటండి గాని, పరికరాన్ని నేలలోకి దించకండి.

స్ప్రింక్లర్ లైనులో ఎరువు లేదా మందు ఎక్కించే ట్యాంకు ఉంటే, లేదా ఇంటికి మురుగు కాల్వ లేకపోవడంతో సొంత సెప్టిక్ వ్యవస్థ ఉండి శుద్ధిచేసిన నీటిని పెరట్లో చల్లుతుంటే, ఆర్‌పీ తప్ప మరోటి ఆలోచించవద్దు. టెక్సాస్‌లో సాగునీటి నియమాలు కూడా ఈ పరిస్థితుల్లో ఆర్‌పీనే కోరతాయి. పెరడు ఎత్తుగా ఉండి పీవీబీ కుదరనప్పుడు, ఖర్చు భరించగలిగితే, అప్పుడు కూడా నా ఓటు ఆర్‌పీకే.

డబుల్ చెక్ ఇప్పటికే ఉంది, స్థానిక నియమం దాన్ని అంగీకరిస్తోంది అంటే దాన్ని పీకేయవలసిన పని లేదు. కాని దాన్ని ఉంచుకుంటే దాని పెట్టెను మీ బాధ్యతగా తీసుకోవాలి. నల్లరేగడి వంటి బంకమన్ను ఉన్న చోట రెండు వర్షాలకే పెట్టె నిండిపోతుంది, పరికరం అడుగు మట్టిలో కూరుకుపోతుంది, టెస్ట్ కాక్‌లలోకి బురద చేరుతుంది. అందుకే కాక్‌లకు తుప్పు పట్టని, మర తిప్పి బిగించే బిరడాలు బిగించి ఉంచాలి, పరీక్ష సమయంలో మాత్రమే తీయాలి. పరికరం కింద చేయి దూరేంత ఖాళీ ఉండాలి, లోపలికి ఇసుక రాకుండా ముందువైపు జల్లెడ ఉండాలి. ఈ మూడూ చూసుకోలేని ఇంట్లో డబుల్ చెక్ పేరుకే రక్షణ.

ఏది పెట్టించాలన్నా ముందు నగర నీటి శాఖకు ఫోన్ చేసి వారు ఏ రకాలను అంగీకరిస్తారో అడగాలి. ఒక ఊళ్లో చెల్లే డబుల్ చెక్ పక్క రాష్ట్రంలో చెల్లకపోవచ్చు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1944 నుంచి ఈ విషయంపై పనిచేస్తున్న పరిశోధనా సంస్థ ఆమోదించిన నమూనాల జాబితానే చాలా నీటి సంస్థలు ప్రమాణంగా తీసుకుంటాయి; కొనే నమూనా అందులో ఉందో లేదో అడగడం మంచిది.

పరీక్షలో ఏం చూస్తారు

టెస్టర్ తెచ్చేది ఒత్తిడి తేడాను చూపే గేజ్, దానికి గొట్టాలు. పీవీబీలో గాలి ద్వారం, లోపలి ఒత్తిడి 1 పీఎస్‌ఐకి పడిపోకముందే తెరుచుకోవాలి, చెక్ వాల్వ్ కనీసం 1 పీఎస్‌ఐ తేడాను నిలబెట్టాలి. డబుల్ చెక్‌లో రెండు వాల్వులూ వేర్వేరుగా కనీసం 1 పీఎస్‌ఐ నిలబెట్టాలి. ఆర్‌పీలో గది ఒత్తిడి వీధి ఒత్తిడికన్నా ఇంకా 2 పీఎస్‌ఐ తక్కువగా ఉండగానే రిలీఫ్ తెరుచుకోవాలి. అంతకన్నా దగ్గరకు వచ్చేదాకా తెరుచుకోకపోతే అది విఫలమే. ఈ అంకెలు మీ రిపోర్టులో రాసి ఉండాలి. పాస్ అని టిక్కు పెట్టి, అంకెల గళ్లు ఖాళీగా వదిలిన రిపోర్టును నేనైతే వెనక్కి ఇస్తాను. పాత రిపోర్టులు దాచుకుంటే మరో ఉపయోగం కూడా ఉంది: నిరుడు 2.4 ఉన్న వాల్వ్ ఈ ఏడాది 1.2కు దిగిందంటే పాసైనా స్ప్రింగో, రబ్బరో ముగింపుకు వచ్చిందని అర్థం, కిట్ ముందే తెప్పించుకోవచ్చు.

టెస్టర్‌ను ఎంచుకునేటప్పుడు అడగవలసినవి రెండే. మీ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉందా, గేజ్ ఖచ్చితత్వాన్ని ఈ ఏడాది సరిచూపించారా. టెక్సాస్‌లో గేజ్‌ను ఏటా సరిచూడాలని నియమం ఉంది. పరీక్ష ఫీజు చాలా తక్కువ చెప్పి, వచ్చాక మొత్తం పరికరం మార్చాలనేవారి మాట వెంటనే నమ్మనవసరం లేదు. ఏ వాల్వ్ ఏ అంకె దగ్గర విఫలమైందో చూపించమనండి. అత్యధిక సందర్భాల్లో కారణం వాల్వ్ మూసుకునే అంచు (సీటు) మీద చిక్కుకున్న ఇసుకరేణువు, లేదా గట్టిపడిన రబ్బరు డిస్కు. విప్పి, కడిగి, అదే కంపెనీ కిట్‌లోని రబ్బరు మార్చి, మళ్లీ పరీక్షిస్తే చాలు. ఒక కంపెనీ భాగాన్ని మరో కంపెనీ పరికరంలో ఇరికించనివ్వకూడదు. పరికరం ఒళ్లు పగిలినప్పుడు, లేదా ఆ నమూనాకు భాగాలు దొరకనప్పుడే కొత్తది అవసరం.

ఆర్‌పీ కింద నీరు చుక్కలుగా కనిపిస్తే భయపడనవసరం లేదు, పట్టించుకోకుండా కూడా ఉండకూడదు. అప్పుడప్పుడు కొంచెం చిమ్మి ఆగిపోతే సాధారణంగా వీధి ఒత్తిడి ఎగుడుదిగుడులే కారణం. ఆగకుండా కారుతున్నప్పుడు దిగువన నీరు వదిలి చూస్తారు: కారడం ఆగితే మొదటి చెక్ వాల్వ్‌లో చెత్త చిక్కిందని, ఆగకపోతే రిలీఫ్ వాల్వ్‌లోనే లోపమని టెస్టర్ అంచనా వేస్తాడు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ రంధ్రానికి బిరడా కొట్టకూడదు. గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేల తడుస్తోందని అలా చేసినవారిని నేను చూశాను, వారి ఇంట్లో అప్పటినుంచి ఉన్నది పేరుకు ఆర్‌పీ, పనికి ఒక ఇత్తడి ముద్ద.

నేలపైన ఉండే పీవీబీ, ఆర్‌పీలకు చలి అసలైన శత్రువు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టినప్పుడు ఇళ్ల గొట్టాలతోపాటు ఈ పరికరాలు కూడా పెద్ద సంఖ్యలో పగిలాయి. చలికాలానికి ముందు, పరికరానికి నీరు వచ్చే లైనుపై ఉన్న వాల్వ్ కట్టేసి, పరికరంలోని నీటిని ఖాళీ చేసి, దాని బాల్ వాల్వులనూ, టెస్ట్ కాక్‌లనూ సగం తెరిచి వదలాలి. పూర్తిగా మూసినా, పూర్తిగా తెరిచినా బాల్ చుట్టూ కొంత నీరు చిక్కుకొని, గడ్డకట్టి, వాల్వునే చీలుస్తుంది. కప్పే సంచి గాలి ద్వారాన్నీ, రిలీఫ్ రంధ్రాన్నీ మూయకుండా చూసుకోవాలి. వసంతంలో మళ్లీ నీరు వదిలేటప్పుడు వాల్వును నెమ్మదిగా తెరవాలి, వార్షిక పరీక్ష కూడా అప్పుడే చేయించుకుంటే ఒకే పనిలో రెండూ పూర్తవుతాయి.

మరో చిన్న మాట. లాన్ లైనుకు కాక ఇంటి మొత్తానికి మీటరు దగ్గర పరికరం పెడితే, గీజరులో నీరు వేడెక్కి వ్యాకోచించినప్పుడు అది వీధిలోకి వెనక్కి వెళ్లలేదు. ఒత్తిడి పెరిగి గీజరు సేఫ్టీ వాల్వ్ కారుతుంది. అలాంటి ఇంట్లో, వ్యాకోచించిన నీటికి చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు కూడా ఉండాలి.

హైదరాబాద్ సంపు సంగతి

వీధి గొట్టంలో నీరు కొన్ని గంటలే ఉండే చోట లెక్క వేరు. నీరు ఆగిపోయాక గొట్టం ఖాళీ అవుతూ పీల్పు రావడం అమెరికాలో అపురూపమైన ప్రమాదం; మన ఊళ్లలో అది ప్రతి సరఫరా తర్వాతా జరిగే విషయం. చప్పుడు వస్తోందనో, నీరు చిమ్ముతోందనో చాలా సంపుల్లో మంజీరా గొట్టాన్ని అడుగుదాకా పొడిగిస్తారు. సరఫరా ఆగినప్పుడు ఆ గొట్టమే సైఫనుగా మారి, బోరు నీళ్లూ, ట్యాంకర్ నీళ్లూ కలిసిన సంపు నీటిని వీధిలోకి లాగుతుంది. మర్నాడు అది పక్క ఇంటివారి బిందెలో పడుతుంది.

ఇక్కడ ఆర్‌పీ బిగించమని నేను చెప్పను. నీరు వచ్చిపోయే ప్రతిసారీ దాని రిలీఫ్ పారుతుంది, దాన్ని పరీక్షించేవారిని వెతుక్కోవాలి. ప్లంబర్లు సూచించే ఎన్‌ఆర్‌వీ (నాన్ రిటర్న్ వాల్వ్, అంటే మామూలు చెక్ వాల్వ్) ఒక్కటే నమ్ముకోవడం కూడా సరికాదు, దానికి టెస్ట్ కాక్‌లు ఉండవు, ఇసుక చిక్కి తెరుచుకుని ఉండిపోయినా తెలియదు. చేయవలసింది గొట్టాన్ని కోయడమే. సంపు ఓవర్‌ఫ్లో మట్టానికి పైన, 15 మి.మీ. గొట్టమైతే 30, 20 అయితే 40, 25 అయితే 50 మి.మీ. ఖాళీ ఉండేలా దాని చివర నిలవాలి; ఫ్లోట్ వాల్వ్ నోరు కూడా ఆ ఎత్తుకు పైనే ఉండాలి. ఓవర్‌ఫ్లో గొట్టం లేని సంపులో నీరు మూతదాకా లేస్తుంది కాబట్టి ముందు దాన్ని పెట్టించాలి. బోరు లైను, మంజీరా లైను రెండూ వేర్వేరుగా సంపులో పడాలి. రెంటినీ బయటే కలిపి మధ్యలో ఒక గేట్ వాల్వ్ పెట్టుకోవడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు; ఎవరో ఒకరు ఒక రోజు ఆ వాల్వ్ మూయడం మరచిపోతారు. వీధి లైనుకు నేరుగా మోటారు బిగించడం ఇంకో తప్పు, అది పక్కవారి వాటా లాక్కోవడమే కాక గొట్టంలో పీల్పు పెంచి, చీలికల దగ్గరున్న మురుగును లోపలికి రప్పిస్తుంది.

వీధిలోనే పగిలిన గొట్టంలో మురుగు కలిస్తే మీ సంపు దగ్గరి ఏర్పాటు దాన్ని ఆపలేదు. 2009లో భోలక్‌పూర్‌లో కలుషిత నీటితో ప్రాణాలు పోయినప్పుడు సమస్య వీధి గొట్టాలదే. అందుకే సంపులో పడే నీటిలో క్లోరిన్ కనీసం లీటరుకు 0.2 మి.గ్రా. ఉందో లేదో చిన్న కిట్‌తో అప్పుడప్పుడు చూసుకోవడం వేరే పనిగా పెట్టుకోవాలి.

గాలి ఖాళీకి వార్షిక పరీక్ష అంటే సంపు కడిగించే రోజున ఒక కొలత టేపుతో చూడడం. ఫ్లోట్ వాల్వ్ మార్చిన ప్రతిసారీ కూడా చూడాలి, ఎందుకంటే కొత్త ప్లంబర్ వచ్చి, చప్పుడు తగ్గించడానికని ఒక మూర పైపు మళ్లీ కిందికి అతికించి వెళ్లడం మామూలే.